ఆరు చుక్కల అక్షరాలు

క్రీ. శ. 1852వ సంవత్సరం గోదావరి ప్రాంత చరిత్రలో చెప్పుకోదగినది. 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట పని ఆ ఏటితో పూర్తి అయింది. ఆర్థర్ కాటన్ ఆలోచన ఫలించి, కాలువల వెంట నీరు క్రమంగా డెల్టా అంతటా పారింది. సముద్రానికి చేరువలో ఉన్న నరసాపురం, మొగల్తూరు ప్రాంతాలు కూడా ఆ నీటితోనే పచ్చబడ్డాయి.

అదే సంవత్సరం జనవరి 6వ తేదీన పారిస్ నగరంలో ఒక అంధోపాధ్యాయుడు క్షయవ్యాధితో మరణించాడు. అప్పటికి అతని వయస్సు నలభై మూడు. పేరు లూయీ బ్రెయిలీ. అతడు కూడా ఒక విధంగా కాలువ త్రవ్వినవాడే. చూపులేని వారి వద్దకు అక్షరం చేరటానికి అతడు ఒక దారి చేసి పోయాడు. కాని ఆ దారి మన దేశం దాకా సవ్యంగా సాగటానికి చాలా కాలం పట్టింది. తెలుగుతో సహా భారతీయ భాషలన్నిటికీ ఒకే చుక్కల లిపి స్థిరపడేసరికి 1951వ సంవత్సరం వచ్చింది. అంటే బ్రెయిలీ చనిపోయిన తొంభై తొమ్మిదేళ్లకు!

నేడు మొగల్తూరు వంటి ఊళ్లో ఒక ఇంట చూపులేని బిడ్డ పుడితే, ఆ తల్లిదండ్రుల మనస్సులో మెదిలే మొదటి ప్రశ్న ఒకటే: ఈ బిడ్డ చదువుకోగలదా? ఈ ప్రశ్నకు ఊరడింపు మాటలు జవాబు కావు. రెండు వందల ఏళ్ల చరిత్ర దీనికి చక్కని జవాబు చెబుతున్నది. ఆ చరిత్రలో ముఖ్యమైన పాఠం ఇది. చూపున్నవారు తమ కంటికి నచ్చిన అక్షరాన్ని చూపులేని వారి చేతికి ఇచ్చినంత కాలం చదువు రాలేదు. ఏ అక్షరం తగినదో వేలినే అడిగి తెలుసుకున్న నాడు చదువు వచ్చింది.

వేలికి ఏమి తెలుస్తుంది?

నరసాపురం, మొగల్తూరు పరిసరాల పల్లెల్లో ఎందరో స్త్రీలు లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి ప్రాంతానికి వచ్చిన ఈ పనికి 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. చేయి తిరిగిన స్త్రీ అరుగు మీద కూర్చుని, పొరుగువారితో మాటలాడుతూనే అల్లికను సాగిస్తుంది. దారం ఎక్కడ వదులైనదీ, ముడి ఎక్కడ బిగిసినదీ ముందు ఆమె వేలికి తెలుస్తుంది. ఆ తరువాతనే కంటికి కనబడుతుంది. వేలికొన ఎంత నిశితమైన జ్ఞానేంద్రియమో తెలుసుకోవటానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

ఈ నిశితత్వాన్ని కొలవటం ఎట్లా? జర్మను శరీరశాస్త్రజ్ఞుడు ఎర్నెస్ట్ వేబర్ ఈ పనిని సుమారు 190 ఏళ్ల క్రిందటనే చేశాడు. ఆ ప్రయోగాన్ని విద్యార్థులు తరగతిలోనే చేసి చూడవచ్చు. మొన మొద్దుబారిన విభాగిని రెండు కాళ్లనూ కొద్దిగా ఎడంచేసి, కళ్లు మూసుకున్న మిత్రుని చర్మం మీద మెల్లగా తాకించాలి. తాకినది ఒక మొనా, రెండు మొనలా అని అడగాలి. వీపు మీద ఆ రెండు మొనల మధ్య కొన్ని సెంటీమీటర్ల దూరం ఉన్నా అతనికి ఒకటిగానే తోచవచ్చు. వేలికొన మీద మాత్రం సుమారు రెండు మిల్లీమీటర్ల ఎడం ఉంటే చాలు, రెండు మొనలని చెప్పగలడు. వేలికొన చర్మంలో స్పర్శను గ్రహించే నాడీ అగ్రాలు అంత దట్టంగా ఉన్నాయి.

ఇంకొక సంగతి. వేలిని ఒక వస్తువుపై కదలకుండా ఆనించి ఉంచితే దాని రూపం కొద్ది సేపట్లోనే మసకబారినట్లవుతుంది. వేలు కదిలినప్పుడే గట్టూ, గుంటా, గరుకూ స్పష్టంగా తెలుస్తాయి. కదిలే వేలికి వంపులు తిరిగిన గీతను పోల్చుకోవటం కష్టం. విడివిడిగా పైకి లేచి ఉన్న చుక్కలను పోల్చుకోవటం సులభం. ఈ చిన్న సత్యం పెద్దలకు తెలిసి రావటానికి చాలా ఏళ్లు పట్టింది.

తోలుపనివాని ఇల్లు

పారిస్‌కు తూర్పున కూప్‌వ్రే అనే పల్లె ఉన్నది. అక్కడ సిమోన్ రెనే బ్రెయిలీ అనే అతడు గుర్రపు జీనులు, పట్టెడలు కుట్టి జీవించేవాడు. అతని ఆఖరి సంతానం లూయీ 1809 జనవరి 4న జన్మించాడు. మూడేళ్ల వయస్సులో ఆ పిల్లవాడు తండ్రి పనిముట్లతో ఆడుకుంటూ ఉండగా, తోలుకు రంధ్రాలు వేసే ఆరె కంటిలో గ్రుచ్చుకున్నది. గాయం చీము పట్టింది. ఆ దోషం రెండవ కంటికి కూడా ప్రాకింది. క్రిములను చంపే మందులు లేని కాలమది. అయిదేళ్లు వచ్చేసరికి బాలునికి చూపు పూర్తిగా పోయింది.

ఆ రోజులలో అంధులకు భిక్షాటన తప్ప వేరే దారి ఉండేది కాదు. కాని ఆ తల్లిదండ్రులు బిడ్డను మూల కూర్చోబెట్టలేదు. తండ్రి అతనికి చేతికర్ర చేసి ఇచ్చాడు. దానితో తడుముకుంటూ బాలుడు ఊరి వీథులు నేర్చుకున్నాడు. కర్రపలక మీద మేకులను అక్షరాల ఆకారంలో కొట్టి, తండ్రి అతని వేలితో వాటిని తడిమించాడని చెబుతారు. ఊరి ఫాదిరీ, బడిపంతులు చొరవ చూపి, అతనిని చూపున్న పిల్లలతో పాటు ఊరి బడిలోనే కూర్చోనిచ్చారు. విన్నదంతా అతనికి జ్ఞాపకం ఉండేది. కాని తోటి పిల్లలు పుస్తకం తెరవగానే అతని చదువు ఆగిపోయేది. పదేళ్ల వయస్సులో, 1819లో, విద్యార్థివేతనంతో అతడు పారిస్‌లోని అంధబాలుర రాజకీయ విద్యాలయంలో చేరాడు.

కంటి అక్షరం, చేతి అక్షరం

ఆ విద్యాలయాన్ని 1785 ప్రాంతంలో వాలాంతీన్ అయూయి స్థాపించాడు. ప్రపంచంలో అంధుల కోసం వెలసిన బడులలో అది మొట్టమొదటిది. 1771లో పారిస్ సంతలో కొందరు అంధులకు వింత వేషాలు వేసి, పనికిరాని కళ్లద్దాలు తగిలించి, జనాన్ని నవ్వించటం అయూయి చూశాడు. ఆ దృశ్యం అతని మనస్సును కలచివేసింది. అంధులకు చదువు చెప్పి తీరాలని నిశ్చయించుకున్నాడు. చర్చి వద్ద భిక్షమెత్తుకునే ఫ్రాంస్వా లెస్యూర్ అనే యువకుడు అతని తొలి శిష్యుడు.

అయూయి పుస్తకాలలో ఫ్రెంచి అక్షరాలనే పెద్దవిగా, ఉబ్బెత్తుగా అచ్చు వేసేవారు. విద్యార్థి ఒక్కొక్క అక్షరం చుట్టూ వేలు త్రిప్పి పోల్చుకోవాలి. వాక్యం ముగిసేసరికి మొదలు మరచిపోయేవాడు. పుస్తకాలు మోయలేనంత బరువు. అంతకంటె పెద్ద లోపం మరొకటి ఉన్నది. ఆ అక్షరాలను విద్యార్థి కష్టపడి చదవగలడేమో కాని, తనంత తాను సులభంగా వ్రాయలేడు. వ్రాయలేని చదువు సగం చదువే కదా!

1821 ప్రాంతంలో ఛార్లెస్ బార్బియర్ అనే మాజీ సైనికాధికారి ఒక కొత్త పద్ధతిని ఆ విద్యాలయానికి తెచ్చాడు. కాగితం మీద గ్రుచ్చిన చుక్కలను చీకటిలో కూడా తడిమి తెలుసుకోవటం అందులోని కిటుకు. ఒక్కొక్క గుర్తుకు రెండు నిలువు వరుసలలో పన్నెండు చుక్కల వరకు ఉండేవి. అందువల్ల గుర్తు వేలికొన క్రింద ఇమిడేది కాదు. వేలిని పైకీ క్రిందికీ జరపవలసి వచ్చేది. పైగా ఆ గుర్తులు ఉచ్చారణను తెలిపేవే గాని, వర్ణక్రమాన్ని తెలిపేవి కావు. అంకెలకు, సంగీతానికి అందులో చోటు లేదు.

బాలుడైన బ్రెయిలీకి ఈ లోపాలన్నీ వెంటనే తెలిశాయి. ఏలయనగా, చదవవలసిన వేలు అతనిదే. మూడేళ్ల పాటు రాత్రులు మేలుకొని, సెలవులకు ఇంటికి పోయినప్పుడు కూడా కాగితాలకు చిల్లులు పొడుస్తూ అతడు పరిశ్రమించాడు. 1824లో, పదిహేనేళ్ల వయస్సుకు, పని ఒక కొలిక్కి వచ్చింది. పన్నెండు చుక్కలను అతడు ఆరుకు తగ్గించాడు. రెండు నిలువు వరుసలు. వరుసకు మూడు చుక్కలు. గడి మొత్తం వేలికొన క్రింద ఒక్కసారిగా ఇముడుతుంది. ఆరు చుక్కలలో ప్రతిదీ ఉండవచ్చు, ఉండకపోవచ్చు. కాబట్టి రెండును ఆరుసార్లు హెచ్చవేస్తే 64 రూపాలు వస్తాయి. ఏ చుక్కా లేని ఖాళీ గడిని తీసివేస్తే 63 గుర్తులు మిగులుతాయి. అక్షరాలకు, అంకెలకు, విరామ చిహ్నాలకు, సంగీత స్వరాలకు కూడా ఇవి సరిపోతాయి. ఒకే గుర్తును సందర్భాన్ని బట్టి వేర్వేరు పనులకు వాడుకోవచ్చు. 1829లో అతడు ఈ పద్ధతిని గ్రంథంగా ప్రకటించాడు. సవరించిన కూర్పు 1837లో వచ్చింది.

నేటి బ్రెయిలీ పుటలో ఒక గడిలోని పక్క పక్క చుక్కల మధ్య దూరం సుమారు రెండున్నర మిల్లీమీటర్లు. చుక్క ఎత్తు సుమారు అర మిల్లీమీటరు. వేబర్ పరీక్షలో వేలికొనకు దొరికిన కొలతకు ఇది కొద్దిగా పైన ఉన్నది. అంటే ఆ బాలుడు ఏ పరికరమూ లేకుండానే, తన వేలి శక్తి ఎంతో అంతకు సరిపడే అక్షరాన్ని కనుగొన్నాడన్నమాట.

విద్యార్థులు ఈ లిపిని ఆనందంతో స్వీకరించారు. పెద్దలు స్వీకరించలేదు. తమ కంటికి అర్థంకాని ఈ చుక్కలు అంధులను సమాజానికి దూరం చేస్తాయని వారి వాదం. 1840లో వచ్చిన కొత్త అధిపతి ఈ లిపిని విద్యాలయంలో వాడనివ్వలేదు. అయినా పిల్లలు చాటుగా దానిలోనే వ్రాసుకున్నారు. 1844లో విద్యాలయపు కొత్త భవనం ప్రారంభోత్సవ సభలో పిల్లలు ఆ చుక్కలతో వ్రాసి, చదివి చూపించగా వ్యతిరేకత సడలింది. విద్యాలయం దానిని అధికారికంగా అంగీకరించినది 1854లో. అప్పటికి బ్రెయిలీ మరణించి రెండేళ్లయింది.

ఒక దేశం, అనేక చుక్కల లిపులు

మన దేశంలో అంధుల కోసం తొలి పాఠశాలను 1887లో అమృతసర్‌లో ఆనీ షార్ప్ అనే మిషనరీ వనిత నెలకొల్పింది. కలకత్తాలో లాల్ బిహారీ షా గారు 1897లో అంధ విద్యాలయాన్ని స్థాపించారు. అంతకు పూర్వం చూపులేని వారికి మన సమాజంలో చోటు లేకపోలేదు. పాట, వాద్యం, పురాణ కాలక్షేపం వంటి వినికిడి విద్యలలో వారికి గౌరవం ఉండేది. చూపు మందగించిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారు వయొలిన్ విద్వాంసులై, 1936లో విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షులయ్యారు. కాని చెవి ద్వారా వచ్చే విద్యకు గురువు ఎల్లప్పుడూ ఎదుట ఉండాలి. గురువు లేనప్పుడు కూడా విద్యార్థికి తోడుండేది పుస్తకం. ఆ పుస్తకమే అంధ విద్యార్థికి కరువైంది.

పాఠశాలలు వెలసిన కొద్దీ, ఒక్కొక్క చోట ఒక్కొక్కరు భారతీయ భాషలకు చుక్కల లిపిని కల్పించారు. కలకత్తాలో షా గారిది ఒక పద్ధతి. అహమ్మదాబాదులో నీలకంఠరాయ్ గారిది మరొకటి. మైసూరులో ఇంకొకటి. నోల్స్, గార్త్‌వైట్ అనే ఆంగ్లేయులు ‘ఓరియంటల్ బ్రెయిలీ’ పేరుతో వేరొక పద్ధతిని రూపొందించారు. ఒక బడిలో చదివినవాడు మరొక బడి పుస్తకాన్ని తడిమితే అర్థమయ్యేది కాదు. చదివేవారు కొద్దిమంది, ఆ కొద్దిమందీ ఇన్ని లిపుల మధ్య చెదిరిపోతే ఏ పుస్తకాన్ని ఎవరి కోసం అచ్చు వేయాలి? మన దేశానికే ఈ చిక్కు వచ్చిందనుకోరాదు. ఇంగ్లండు, అమెరికాలలోని అంధ పాఠకులకు ఒకే ఇంగ్లీషు బ్రెయిలీ ఏర్పడినది 1932లో మాత్రమే.

భారతీయ లిపుల చిక్కును విడదీయటంలో పాల్గొన్నవారిలో క్లూతా మెకంజీ ఒకరు. ఆయన న్యూజీలండు దేశస్థుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో గలిపోలీ వద్ద రెండు కళ్లూ పోగొట్టుకున్నారు. రెండవ యుద్ధ కాలంలో, చూపు కోల్పోయిన భారతీయ సైనికుల శిక్షణ కోసం ఆయన డెహ్రాడూన్‌లో పనిచేశారు. 1949లో భారత ప్రభుత్వం ఈ సమస్యను యునెస్కో ముందు పెట్టింది. 1950 మార్చిలో పారిస్‌లోను, 1951 ఫిబ్రవరిలో బేరూత్‌లోను సమావేశాలు జరిగాయి.

అక్కడ చర్చకు వచ్చిన ప్రశ్న భాషాశాస్త్రపరంగా ఆసక్తికరమైనది. మన వర్ణమాల క్రమబద్ధమైనది: కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు. ఈ క్రమం ప్రకారం గుర్తులను కొత్తగా కేటాయించటం మంచిదా? లేక బ్రెయిలీ ఏ ధ్వనికి ఏ గుర్తు పెట్టాడో, మనమూ ఆ ధ్వనికి ఆ గుర్తునే ఉంచటం మంచిదా? చివరకు రెండవ మార్గమే నెగ్గింది. ఒకే ధ్వనికి వీలైనంత వరకు ఒకే గుర్తు. ఈ విధంగా 1951లో ‘భారతి బ్రెయిలీ’ స్థిరపడింది. ఆ ఏడే డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం పని ప్రారంభించింది.

తెలుగు అక్షరం ఆరు చుక్కలలో

తెలుగు అక్షరాల గుండ్రదనానికి తాటాకు కారణమని చెబుతారు. ఆకు ఈనె పొడుగునా గంటంతో నిలువుగీత గీస్తే ఆకు చీలుతుంది. వంపుగీత గీస్తే చీలదు. అంటే ఆకుకు తగినట్లు అక్షరం మారింది. అట్లాగే వేలికి తగినట్లు అక్షరం మరొకసారి మారిందనుకోవాలి. ‘ప’కు, ‘వ’కు, ‘మ’కు ఉన్న స్వల్ప భేదం కంటికి ఇట్టే తెలుస్తుంది, ఉబ్బెత్తుగా అచ్చు వేసినా వేలికి అంత సులభంగా తెలియదు. చుక్కలలో ఆ మూడూ వేరువేరు.

గడిలోని ఎడమ వరుస చుక్కలకు పైనుండి క్రిందికి 1, 2, 3 అని, కుడి వరుసకు 4, 5, 6 అని సంఖ్యలు. ‘అ’కు 1వ చుక్క ఒక్కటే. ‘బ’కు 1, 2. ‘క’కు 1, 3. ‘ల’కు 1, 2, 3. ‘మ’కు 1, 3, 4. ఇవే గుర్తులు ఇంగ్లీషులో వరుసగా ఎ, బి, కె, ఎల్, ఎం అక్షరాలు. హిందీ ‘క’, వంగ ‘క’, తమిళ ‘క’ అన్నీ ఈ 1, 3 చుక్కలే. తెలుగు నేర్చిన అంధ బాలిక రేపు హిందీ మొదలుపెట్టినా, ఇంగ్లీషు మొదలుపెట్టినా చాలా అక్షరాలు ఆమెకు ముందే తెలిసి ఉంటాయి. చూపున్న పిల్లలకు లేని సదుపాయం ఇది!

గుణింతం కూడా తేలిక. తలకట్టు, గుడి, కొమ్ము అని వేరే రూపాలు లేవు. హల్లు గడి తరువాత అచ్చు గడిని ఉంచితే చాలు. ‘క’ గడి తరువాత ‘ఇ’ గడి ఉంచితే ‘కి’. వట్రువలు, వత్తులు అక్షరం క్రిందికి దిగవు. అన్నీ ఒకే వరుసలో సాగుతాయి. సంయుక్తాక్షరం వస్తున్నదని ముందుగా 4వ చుక్క ఒక్కటే ఉన్న గడి తెలుపుతుంది. ‘అమ్మ’ అనే మాట అచ్చులో రెండక్షరాలు. చుక్కలలో నాలుగు గడులు: అ, 4వ చుక్క, మ, మ. ‘మొగల్తూరు’ అచ్చులో నాలుగక్షరాలు. చుక్కలలో తొమ్మిది గడులు: మ, ఒ, గ, 4వ చుక్క, ల, త, ఊ, ర, ఉ. అందుచేత బ్రెయిలీ పుస్తకం చాలా స్థలం తీసుకుంటుంది. ఒక సాధారణ పాఠ్యపుస్తకం బ్రెయిలీలో కొన్ని సంపుటాలవుతుంది.

వ్రాయటానికి గడులున్న లోహపు చట్రం, పొట్టి పిడి గల మొన కావాలి. దళసరి కాగితాన్ని చట్రంలో బిగించి, కుడి నుండి ఎడమకు పొడుస్తూ పోతారు. కాగితాన్ని త్రిప్పగానే చుక్కలు పైకి లేచి, ఎడమ నుండి కుడికి చదవటానికి సిద్ధంగా ఉంటాయి. తాటాకు మీద గంటం చేసిన పని వంటిదే ఇదీ.

ఇంటిలో మొదలయ్యే బడి

చుక్కల లిపి ఉన్నంత మాత్రాన చదువు రాదు. ఆ లిపిని అందుకొనే చేతులు బిడ్డకు ముందే సిద్ధపడాలి. ఆ సిద్ధపాటు ఇంటిలోనే జరుగుతుంది. లూయీ తండ్రి మేకులు కొట్టిన కర్రపలక చెప్పే పాఠం ఇదే.

మొట్టమొదట బిడ్డను కంటి వైద్యునికి చూపించాలి. పుట్టుకతో వచ్చే శుక్లం వంటి కొన్ని దోషాలకు తొలి నెలలలోనే శస్త్రచికిత్స చేస్తే చూపు నిలిచే అవకాశం ఉన్నది. ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది. చికిత్సకు లొంగని లోపమని తేలిన నాడు, మరునాటి నుండే పెంపకం పద్ధతిని మార్చుకోవాలి.

చూపున్న శిశువు నాలుగైదు నెలలకే ఎదుట కనబడిన వస్తువు కోసం చేయి చాపుతుంది. చూపులేని శిశువుకు ఆ ప్రేరణ ఉండదు. గలగలమనే వస్తువు శబ్దాన్ని బట్టి అది ‘అక్కడ ఉన్నది’ అని తెలిసి చేయి చాపటం ఆ బిడ్డకు మొదటి ఏడు ముగిసే రోజులలో గాని అలవడదు. అమెరికాలో సెల్మా ఫ్రైబర్గ్ అనే పరిశోధకురాలు ఇట్టి శిశువులను దీర్ఘకాలం గమనించి, 1977లో ప్రచురించిన గ్రంథంలో ఈ సంగతిని వివరించింది. చేతులు కదపకుండా, నిశ్శబ్దంగా పడుకొని ఉన్న బిడ్డను చూసి తల్లిదండ్రులు మందబుద్ధి అని పొరబడటం కద్దు. నిజానికి ఆ బిడ్డ వింటున్నది. వస్తువు దూరంగా ఉంటే ఆ బిడ్డకు అది లేనట్లే. కాబట్టి వస్తువును చేతికి అందించాలి. అందించేటప్పుడు దాని పేరు చెప్పాలి.

ఇందుకు ఖరీదైన సామగ్రి అక్కరలేదు. డెల్టా పల్లెలో ప్రతి ఇల్లూ ఒక ప్రయోగశాలే. కొబ్బరి పీచు గరుకు, చిప్ప లోపలి నునుపు, పేరుపాలెం ఇసుకలో దొరికే గవ్వలు, తడి మట్టి, వడ్ల గింజ, బియ్యపు గింజ: ఇవన్నీ వేలికి పాఠాలు. కందులు, పెసలు కలిపి పోసి వేరుచేయమంటే అయిదేళ్ల బిడ్డకు అది ఆట. వేలికి అది సాధన. ఇక మన వామనగుంటల పీట ఉండనే ఉన్నది. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. పీటను నిలువుగా త్రిప్పి, పై భాగంలో మూడు జతల గుంటలను మాత్రమే తీసుకుంటే అచ్చంగా బ్రెయిలీ గడి! పై ఎడమ గుంటలో ఒక చింతగింజ వేస్తే ‘అ’. దాని క్రింద మరొకటి వేస్తే ‘బ’. ఇంకొకటి వేస్తే ‘ల’. గుంటలలో గింజల అమరిక చేతికి బాగా పట్టుబడిన తరువాత, అదే అమరికను కాగితం మీది చిన్న చుక్కలలో పోల్చుకోవటం బిడ్డకు సులభమవుతుంది.

అతి గారాబం కూడా కీడే చేస్తుంది. పడుతుందేమోనని ఎప్పుడూ ఎత్తుకొని తిరిగితే కాళ్లకు ధైర్యం రాదు. అన్నం ఎప్పుడూ కలిపి తినిపిస్తే చేతులకు పని రాదు. కాలువ గట్టు ఎక్కడ మొదలవుతుందో, చెరువు మెట్లు ఎన్నో, బడికి ఎన్ని మలుపులో బిడ్డను వెంట నడిపించి, తడిమించి, చెప్పి నేర్పాలి. సిమోన్ బ్రెయిలీ కొడుక్కి కర్ర చేసి ఇచ్చినది అందుకే.

తొందరగా మొదలుపెట్టటానికి శాస్త్రీయమైన కారణం కూడా ఉన్నది. చిన్ననాటనే చూపు లేనివారు బ్రెయిలీ చదువుతున్నప్పుడు మెదడులో ఏ భాగం పనిచేస్తున్నదని నోరిహిరో సడాటో, అతని సహచరులు పరిశీలించి 1996లో ఫలితాలు ప్రకటించారు. సాధారణంగా చూపుకు కేటాయించబడిన వెనుక భాగమే అప్పుడు చురుకుగా ఉన్నది! మరుసటి ఏడు జరిగిన ప్రయోగాలలో, ఆ భాగానికి అయస్కాంత స్పందనలతో కొద్ది క్షణాలు అంతరాయం కలిగించగా చదవటంలో తప్పులు దొర్లాయి. చూపు రాని చోటు వృథాగా పడి ఉండదు. చిన్ననాటనే పని అప్పగిస్తే వేలి చదువుకు తోడ్పడుతుంది.

వినటం, చదవటం

కంప్యూటరు, చేతిఫోను పుస్తకాన్ని చదివి వినిపిస్తూ ఉండగా ఇంక ఈ చుక్కలెందుకని కొందరు అడుగుతారు. ఒక్క ఉదాహరణ చాలు. ‘శాఖ’, ‘సాక’, ‘భాష’, ‘బాస’ అనే మాటలను వాడుకలో చాలామంది ఇంచుమించు ఒకే విధంగా పలుకుతారు. విని మాత్రమే నేర్చిన పిల్లకు ఏది ఏ అక్షరమో తెలిసే మార్గం లేదు. పేరా ఎక్కడ విరిగినదీ, సమీకరణంలో ఏది పైన, ఏది క్రింద ఉన్నదీ చెవికి సరిగా అందవు. చెవి కథను తెలుపుతుంది. అక్షరం మాత్రం వేలికే తెలియాలి. గణితానికి, విజ్ఞానానికి ప్రత్యేకమైన బ్రెయిలీ సంకేతాలను అబ్రహాం నెమెత్ రూపొందించాడు; అవి 1952లో వెలువడ్డాయి. ఆయన స్వయంగా అంధుడు, గణితశాస్త్ర ఆచార్యుడు. ఇక్కడ కూడా అక్షరాన్ని తీర్చినది వాడుకునే చేయే అని గమనించాలి.

లిపి, సంకేతాలు అన్నీ ఉన్నా, తలుపు మూసి ఉంటే చదువు సాగదు. ఇందుకు నిదర్శనం మన కోస్తాలోనే ఉన్నది. మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో ఒక రైతు కుటుంబంలో పుట్టుకతోనే చూపులేకుండా జన్మించిన శ్రీకాంత్ బొల్లా గారు మొదట ఊరి బడికే వెళ్లారు. అన్న చేయి పట్టుకొని కిలోమీటర్లు నడిచి వెళ్లినా, ఆ బడిలో ఆయనకు దక్కినది చివరి బల్ల మాత్రమే. ఎనిమిదేళ్ల వయస్సులో హైదరాబాదులోని అంధ పాఠశాలలో చేరిన తరువాత చదువు అందింది. పదవ తరగతి మంచి మార్కులతో నెగ్గారు. కాని ఆ తరువాత విజ్ఞానశాస్త్రాలు చదవటానికి అప్పటి నిబంధనలు అంధ విద్యార్థులను అనుమతించలేదు. న్యాయస్థానానికి వెళ్లి ఆ హక్కును సంపాదించుకోవలసి వచ్చింది. పన్నెండవ తరగతిలో ఆయనకు నూటికి 98 మార్కులు వచ్చాయి. తరువాత అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరారు. అక్కడ ప్రవేశం పొందిన విదేశీ విద్యార్థులలో మొదటి అంధుడు ఆయనే. 2012లో హైదరాబాదుకు తిరిగివచ్చి పరిశ్రమను స్థాపించి, వికలాంగులకు ఉపాధి కల్పించారు.

ఆ బాలునికి చివరి బల్ల చూపించినది అతని అంధత్వం కాదు, పెద్దల అజ్ఞానం. 1840లో పారిస్ విద్యాలయంలో చుక్కలను నిషేధించిన అజ్ఞానమే అది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చిన తరువాత, చూపులేని బిడ్డను ఊరి బడిలో చేర్చుకోవటం దయ కాదు, విధి. బ్రెయిలీ తెలిసిన ఉపాధ్యాయులను నియమించటం, పుస్తకాలు, పరికరాలు ఇవ్వటం ప్రభుత్వ బాధ్యతగా ఆ చట్టం పేర్కొన్నది. అయితే ఉపాధ్యాయుడు చేయగల పని చట్టం కోసం ఆగవలసినది కాదు. నల్లబల్ల మీద వ్రాసే ప్రతి మాటనూ పైకి చదవటం, బొమ్మకు బదులు దారంతోనో పుల్లలతోనో అంటించిన పటాన్ని చేతికి ఇవ్వటం, తరగతిలోని మిగిలిన పిల్లలకు కూడా ఆరు చుక్కల అక్షరాలు నేర్పటం: వీటికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు. 63 గుర్తులను నేర్చుకోవటానికి చూపున్న పిల్లలకు వారం రోజుల ఆట చాలు. అప్పుడు అంధ విద్యార్థి వ్రాసినదాన్ని పక్కవారు చదవగలరు.

బ్రెయిలీ మరణించిన నూరేళ్లకు, 1952లో, ఫ్రెంచి జాతి అతని అస్థికలను మహనీయులను ఉంచే పాంథియన్‌కు సగౌరవంగా తరలించింది. అతని చేతులను మాత్రం స్వగ్రామమైన కూప్‌వ్రేలోనే ఒక కలశంలో ఉంచారు. ప్రపంచానికి అక్షరాన్ని ఇచ్చిన ఆ చేతులు తమవేనని ఆ పల్లె ప్రజల అభిమానం.

డెల్టా రైతుకు ఒక సంగతి తెలుసు. ఆనకట్ట కట్టినంత మాత్రాన కాలువ పని పూర్తి కాదు. శివారు భూమికి నీరు చేరిన నాడే పూర్తి అయినట్లు. బ్రెయిలీ త్రవ్విన కాలువకు మొగల్తూరు వంటి ఊళ్లు శివారు భూములు. అక్కడి ఇంటిలో ఒక చిన్న వేలు వామనగుంటల పీట మీది చింతగింజలను తడిమి, ‘ఇది అ’ అని చెప్పిన నాడు ఆ నీరు చేరినట్లు. ఆ వేలికి తరువాత పుటను అందించే పని మన బడులది.